శనివారం రాత్రి అమ్మ అన్నం ఎందుకు తినడం లేదు?

ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. చాలా పొడవైన ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇస్తున్నాను.

ఆవిడ వయసు 48. గవర్నమెంటు స్కూల్లో టీచరు. నాన్నగారు పోయి తొమ్మిదేళ్ళయింది. అమ్మకు 76. కందుకూరు దగ్గర పల్లెటూళ్ళో రెండు గేదెలు పెట్టుకుని, కేంద్రానికి పాలు పోసుకుంటూ, ఎవరి చెయ్యీ చూడకుండా బతికిన మనిషి. రెండేళ్ళ కిందట రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నెల్లూరులో వైద్యం చేయించి ఒంగోలు తెచ్చుకుని ఏడు నెలలు ఇంట్లోనే చూసుకున్నారు. అంతలో మతిమరుపు మొదలైంది. డాక్టరు డిమెన్షియా అన్నారు. సెలవులన్నీ అయిపోయాయి. పనికి పెట్టుకున్న మనుషులు ముగ్గురు ఒకరి తర్వాత ఒకరు మానేశారు. చివరికి నెల్లూరు శివార్లలో మంచాన పడ్డవాళ్ళను చూసుకునే హోమ్‌లో చేర్చారు. ఖర్చు సగం తనది, సగం బెంగళూరులో ఉన్న తమ్ముడిది. ప్రతి ఆదివారం పొద్దున రైల్లో వెళ్ళి సాయంత్రం తిరిగొస్తారు.

"మూడు నెలల కిందట వెళ్ళేసరికి అమ్మ జుట్టు మెడ దాకా కత్తిరించి ఉంది. నన్ను అడగలేదు. మాలకొండలో మొక్కు తీర్చుకోవడానికి తప్ప అమ్మ జుట్టు మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. నలభై ఏళ్ళు శనివారం ఒక్కపొద్దు వదలని మనిషికి ఇంత అవమానమా అని ఏడ్చాను" అని రాశారు. ఆ తర్వాత ఒక ఆదివారం ఎడమ మోచేతి కింద కమిలిన మచ్చ కనిపించింది. ఒక ఆదివారం పొద్దున డైపరు తడిసి ఉంది. పండక్కి ఇచ్చిన చీర కనిపించలేదు. అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచి "దూడ అరుస్తోంది" అని గోల చేస్తోందట, అందుకని మంచానికి కమ్మీలు బిగించారు, రాత్రిళ్ళు నిద్రమాత్ర ఇస్తున్నారు. అన్నిటికీ మించి, ఎప్పుడు వెళ్ళినా అమ్మ ఒకటే మాట: "రాత్రి నాకు అన్నం పెట్టలా."

ఒకరోజు ఆవిడ ఉండబట్టలేక హాల్లో అందరి ముందూ ఆయా మీద అరిచేశారు. "మీ అమ్మకైతే ఇట్టాగే చేస్తావా?" అన్నారు. ఆయా మారుమాట్లాడలేదు. ఆనాటి నుంచి ఈవిడ వెళ్ళే సమయానికి అమ్మకు స్నానం చేయించి, బట్టలు మార్చి, కుర్చీలో కూర్చోబెట్టి, ఆయా పక్కకు వెళ్ళిపోతోంది. పోయిన ఆదివారం అమ్మ కూతుర్ని గుర్తుపట్టలేదు. వెళ్ళిపోతున్న ఆయా కొంగు పట్టుకుని "అమ్మా, నువ్వు పోబాక" అంది.

"నా మీద కోపం అమ్మ మీద తీర్చుకుంటుందేమో అని నిద్ర పట్టడం లేదు. తమ్ముడు గదిలో కెమెరా పెట్టిద్దామంటాడు. పిన్ని అయితే తల్లిని వదిలేశానని, చట్టప్రకారం కేసు పెట్టొచ్చని బంధువుల ముందే అంటోంది. హోమ్ మార్చనా? కంప్లైంటు ఇవ్వనా? ఉద్యోగం మానేసి ఇంటికి తెచ్చుకోనా?"

*

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి జుట్టు దగ్గర ఆగిపోయాను.

జుట్టు విషయంలో తప్పు వాళ్ళదే. మంచం మీద ఉన్న మనిషికి పొడుగు జుట్టు కష్టమే. తలంటు పోస్తే ఆరదు, దిండుకు రాసుకుని చిక్కుపడుతుంది, పేలు పడతాయి. కత్తిరించాల్సిన అవసరం నిజంగానే వచ్చి ఉండొచ్చు. కానీ ముందు మీకు ఒక్క ఫోన్ చెయ్యడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ మాట మీరు గట్టిగా అడగాల్సిందే. అయితే అడగాల్సింది ఆయాను కాదు, మేనేజరును. అలాంటి చోట్ల ఎవరి జుట్టు తియ్యాలన్నది ఆయా సొంతంగా నిర్ణయించే పని కాదు.

రెండోసారి చదివినప్పుడు శనివారం దగ్గర ఆగాను.

మీరు వెళ్ళేది ఆదివారం. ఆదివారం అమ్మ "రాత్రి అన్నం పెట్టలా" అంటోంది. అంటే శనివారం రాత్రి. నలభై ఏళ్ళు శనివారం ఒక్కపొద్దు ఉన్న మనిషి అని మీరే రాశారు. ఒక్కపొద్దు ఉన్నవాళ్ళు మధ్యాహ్నం అన్నం తింటే రాత్రి అన్నం ముట్టరు, టిఫినేదో తింటారు. మరి హోమ్‌లో శనివారం రాత్రి ఏం పెడుతున్నారు? అన్నమే అయితే, అమ్మ నోరు బిగించుకుని ఉండొచ్చు. ఆయా నాలుగుసార్లు స్పూను నోటి దగ్గర పెట్టి చూసి, "అవ్వ తినలేదు" అని పుస్తకంలో రాసి, పక్క మంచానికి వెళ్ళి ఉండొచ్చు. పొద్దున మీరు వచ్చేసరికి అమ్మకు గుర్తున్నది ఆకలి ఒక్కటే.

ఇది నా ఊహే. తప్పు కావచ్చు కూడా. డిమెన్షియాలో కడుపు నిండా తిన్న అరగంటకే తినలేదనడం చాలా మామూలు. చీర కనబడకపోతే ఎవరో ఎత్తుకుపోయారనడం కూడా అంతే. అలాగని అమ్మ చెప్పే ప్రతి మాటా జబ్బు మాట్లాడిస్తోందని కొట్టిపారెయ్యొద్దు. మిగతా రోజుల్లో ఫోన్ చేస్తే ఏమంటోంది? పుస్తకంలో శనివారాలు ఏం రాసి ఉంది? చూడండి, తేలిపోతుంది.

నాలుగింటి గోల కూడా అలాంటిదే అనిపిస్తోంది. గేదెలున్న ఇంట్లో ఆ వేళకి లేవకపోతే ఎలా? కుడితి పెట్టాలి, దూడను వదలాలి, పాలు పిండి కేంద్రానికి పొయ్యాలి. అరవై ఏళ్ళ అలవాటు. మతి చెదిరినా ఒంటికి ఆ వేళ తెలుస్తుంది. "దూడ అరుస్తోంది" అన్న మాట మీకు అమ్మ జీవితం. గేదెల సంగతి తెలియని ఆయాకు అది అర్థం లేని కేక, ఇంకో పదిమందిని నిద్రలేపే కేక. ఆమెకు ఎవరైనా చెప్పారా? చేర్చేటప్పుడు మీరు ఇచ్చిన కాగితాల్లో బీపీ, షుగరు, మందుల చీటీ, ఆధార్ ఉండి ఉంటాయి. అమ్మ పాడి చేసిన మనిషని, శనివారం రాత్రి అన్నం తినదని ఏ కాగితంలోనూ ఉండదు.

ఆమెకు తెలిసినవి మీకూ తెలియవు. అమ్మ రాత్రి ఎన్నిసార్లు లేస్తుంది, ఏ పక్కకు తిప్పితే మూలుగుతుంది, మందు ఏ మాట చెబితే మింగుతుంది. మీకు పాత అమ్మ తెలుసు, ఆమెకు ఇప్పటి అమ్మ తెలుసు. ఇద్దరి మధ్యా ఈ మాటలేవీ నడవలేదు. నడిచింది ఒక్క అరుపు.

మా మామగారు కావలిలో ఆఖరి పద్నాలుగు నెలలు పక్షవాతంతో మంచం మీదే ఉన్నారు. ఒక ఆయాను పెట్టుకున్నాం. ఒకరోజు ఆమె అన్నం పెట్టడం పక్కన కూర్చుని చూశాను. నిలబడి పెట్టలేదు, స్టూలు లాక్కుని ఆయన ముఖానికి సమానంగా కూర్చుంది. వీపు వెనక దిండు దోపి నిటారుగా చేసింది. పప్పన్నం పేస్టులా మెదిపి, అర స్పూను, బాగున్న పక్క బుగ్గలోకి. ఆ తర్వాత ఆయన గొంతు వైపే చూస్తూ కూర్చుంది. గుటక కిందికి దిగాకే ఇంకో స్పూను. మధ్యలో దగ్గు వచ్చింది, ఆపేసింది. గిన్నె ఖాళీ కావడానికి నలభై ఐదు నిమిషాలు పట్టింది. అయ్యాక కూడా వెంటనే పడుకోబెట్టలేదు, అరగంట అలాగే కూర్చోబెట్టింది. అప్పటిదాకా నేను అదే పని పది నిమిషాల్లో ముగిస్తున్నాను. పక్షవాతం వచ్చినవాళ్ళకు మింగడం సరిగా లేకపోతే తిండి ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వస్తుందని నాకు తర్వాత డాక్టరు చెబితే గానీ తెలియలేదు. ఆమెకు తెలుసు.

ఇప్పుడు మీ హోమ్ సంగతికి వస్తే, రాత్రి డ్యూటీలో ఇద్దరే ఉంటారనీ, ఇరవై ఆరుమంది మంచం మీదివాళ్ళనీ మీ ఉత్తరంలో ఒక మూల రాశారు. ఒక్కొక్కరికి పదమూడు మంది. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలంటారు. ఒక మనిషిని తిప్పి, డైపరు చూసి, దుప్పటి సరిచెయ్యడానికి పది నిమిషాలు వేసుకోండి. పదమూడు మందికి నూట ముప్ఫై నిమిషాలు. ఒక చుట్టు పూర్తికాకముందే రెండోది మొదలవ్వాలి. నీళ్ళు తాగడానికి కూడా ఆగకూడదు. మీరు ఆదివారం పొద్దున చూసిన తడిసిన డైపరు వెనక ఈ లెక్క ఉంది. ఇది ఆయా మీద అరిస్తే తీరే సమస్య కాదు, మనుషుల్ని పెట్టుకోవాల్సిన యాజమాన్యం జవాబు చెప్పాల్సిన సమస్య.

చేతి మీద మచ్చ గురించి. రక్తం గడ్డకట్టకుండా అమ్మకు ఆస్ప్రిన్ లాంటి మాత్ర ఇస్తూ ఉండొచ్చు. ఆ వయసులో చర్మం పల్చబడి ఉంటుంది, ఆ మాత్రలు తోడైతే కాస్త తగిలినా కమిలిపోతుంది. బాగున్న ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని ఊపుతోందేమో, మచ్చ కమ్మీకి తగిలే చోటే ఉందేమో చూడండి. అలాగైతే కమ్మీకి మెత్తటి గుడ్డ చుట్టిస్తే సరిపోతుంది.

కానీ కొన్ని చూస్తే మాత్రం సర్దుకుపోవద్దు. జబ్బలకు లోపలి వైపు వేళ్ళ ముద్రల్లాంటి మచ్చలు. మణికట్టు దగ్గర కట్టేసిన గుర్తులు. ఒక మనిషి దగ్గరికి రాగానే అమ్మ ముడుచుకుపోవడం. వారం వారానికీ చిక్కిపోవడం. నడుము కింద, మడమల దగ్గర ఎర్రబడి, వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోకపోవడం, ఇది పుండుకు మొదటి గుర్తు. వెళ్ళిన ప్రతిసారీ దుప్పటి తీసి మీ కళ్ళతో చూసుకోండి, అది అనుమానించడం కాదు. ఇలాంటివి కనిపిస్తే ఫోటో తీసి, తేదీ రాసి, డాక్టరుకు చూపించండి. పెద్దవాళ్ళ కోసం ఉన్న ఉచిత ఫోన్ నంబరు 14567కి చెప్పండి, సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇవ్వండి. అమ్మ ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే ముందు అక్కడి నుంచి తీసుకొచ్చెయ్యండి, తక్కినవి తర్వాత.

మీరు రాసినదాన్నిబట్టి అక్కడి దాకా వచ్చిందని నాకు అనిపించడం లేదు. "అమ్మా, నువ్వు పోబాక" అని తనను కొట్టే మనిషి కొంగు పట్టుకోవడం అరుదు. ఆ మాట మీకు ఎక్కడ గుచ్చుకుందో నాకు తెలుసు. మిమ్మల్ని కన్నతల్లి మిమ్మల్ని గుర్తుపట్టకుండా ఇంకొకరిని అమ్మా అంది. ఆ రోజు రైల్లో మీరు ఒంగోలు దాకా ఎలా వచ్చారో తలుచుకుంటేనే కడుపు తరుక్కుపోతోంది. అయినా ఒకటి చెబుతాను. అమ్మకు భయం వేసినప్పుడు పట్టుకోవడానికి అక్కడ ఒక కొంగు ఉంది. వారంలో మీరు లేని ఆరు రోజులూ అది ఉంది.

ఇక మీరు అడిగిన దారులు.

హోమ్ మార్చడం మీ చేతిలో పనే. కానీ డిమెన్షియా ఉన్నవాళ్ళకు చోటు మారితే గందరగోళం పెరుగుతుంది. కొత్త గోడలు, కొత్త ముఖాలు. కొన్ని వారాలు తిండి, నిద్ర తప్పొచ్చు. అక్కడా రాత్రి ఇద్దరే ఉంటే మీకు మిగిలేది కొత్త చోట పాత బాధ. మార్చాలనుకుంటే ముందు ఒక రాత్రి ఎనిమిది తర్వాత వెళ్ళి చూడండి. పొద్దున పూట ఏ హోమ్ అయినా బాగానే ఉంటుంది.

ఇంటికి తెచ్చుకోవడం కూడా తప్పేమీ కాదు, మీరు ఏడు నెలలు చేశారు కూడా. అయితే ఈసారి పగలు ఒకరు, రాత్రి ఒకరు ఉండాలి, వాళ్ళు రాని రోజు మీరుండాలి. ఉద్యోగం మానేస్తే వాళ్ళకు జీతం ఎక్కడి నుంచి వస్తుంది? తమ్ముడు ఎంత ఇస్తాడు, ఏడాదికి ఎన్ని వారాలు స్వయంగా వచ్చి ఉంటాడు, ఈ రెండూ ముందే మాట్లాడుకోండి. వేసవి సెలవుల్లో ఒక నెల తెచ్చుకుని చూడడం ఇంకో దారి. అందులోనూ చోటు మారే ఇబ్బంది రెండుసార్లు ఉంటుంది.

కెమెరా మాట తమ్ముడికి నచ్చచెప్పండి. ఆ గదిలో అమ్మకు బట్టలు మారుస్తారు, డైపరు మారుస్తారు, ఒళ్ళు తుడుస్తారు. అదంతా ఎవరి ఫోన్‌లోనో ఉండడం అమ్మకు మర్యాద కాదు. పక్క మంచం ఆవిడకు అసలే కాదు. వరండాలో పెట్టమని హోమ్‌ని అడగొచ్చు. చాటుగా గదిలో పెట్టి అది బయటపడితే, ఆ తర్వాత అమ్మను ముట్టుకునే ప్రతి చెయ్యీ భయంతోనే ముట్టుకుంటుంది.

కంప్లైంటు ఇవ్వండి, కానీ మేనేజరుకు, కాగితం మీద, నాలుగు విషయాలతో. అడగకుండా జుట్టు ఎందుకు తీశారు. నిద్రమాత్ర ఏ డాక్టరు రాశారు, చీటీ చూపించండి. రాత్రి మనుషుల్ని ఎప్పుడు పెంచుతారు. చీర ఎక్కడ, బట్టలకు గుర్తు ఎందుకు కుట్టడం లేదు. నిద్రమాత్రను మాత్రం అసలు వదలొద్దు. ఆ మత్తులో మింగడం ఇంకా కష్టమవుతుంది, లేవబోయి పడిపోతారు. అలాగని మీరే ఒక్కసారిగా ఆపించొద్దు, డాక్టరుతో మాట్లాడి చెయ్యండి. ఇందులో ఒక చిక్కుంది. మేనేజరు తప్పంతా ఆయా మీదకు తోసి, ఆమెను మాన్పించి, "చర్య తీసుకున్నాం" అనొచ్చు. అందుకే కాగితంలోనే రాయండి, ఇది ఆ ఆయా మీద ఫిర్యాదు కాదని.

అంతకంటే ముందు ఆమెతో మాట్లాడితే మేలని నా మనసు చెబుతోంది. మీరు అరిచింది హాల్లో అందరి ముందు. కాబట్టి తప్పయిందన్న మాట కూడా అక్కడే, ఆ నలుగురి ముందే చెప్పాలి. పక్కకు పిలిచి చెబితే ఆమె పోగొట్టుకున్నది తిరిగి రాదు. ఎక్కువ అక్కర్లేదు. "అక్కా, ఆ రోజు మీ అమ్మ మాట తెచ్చి తప్పుగా మాట్లాడాను, మనసులో పెట్టుకోబాక" అంటే చాలు. వెంటనే "కానీ మీరు కూడా" అని తగిలించొద్దు. ఆమె ఏమీ అనకపోవచ్చు, ముఖం తిప్పుకోవచ్చు. ఆ రోజుకు అంతే అనుకోండి. ఆమె తన తల్లిని ఏ ఊళ్ళో ఎవరి దగ్గర వదిలి ఈ డ్యూటీకి వస్తోందో మీకూ నాకూ తెలియదు.

డబ్బు చేతిలో పెట్టొద్దు. ఈ మాట చాలామంది ఒప్పుకోరు. ఐదువందలు ఇస్తే బాగా చూస్తారు కదా అంటారు. చూస్తారు, ఇచ్చిన వారం. ఇవ్వని వారం మీకే అనుమానం వస్తుంది. పైగా రాత్రి ఆయాకు అందదు, ఆమెకు కోపం. పండక్కి అందరికీ కలిపి ఏదైనా ఇవ్వండి, మేనేజరుకు తెలిసేలా.

దానికి బదులు ఒక అట్ట తీసుకోండి. స్కూల్లో చార్టులు రాసే చెయ్యి మీది. పెద్ద తెలుగు అక్షరాలతో ఆరేడు లైన్లు: అమ్మ ఏ ఊరు, ఏం పని చేసింది, ఏమని పిలిస్తే పలుకుతుంది, శనివారం రాత్రి ఏం తింటుంది, నాలుగింటికి లేస్తే "దూడను వదిలామమ్మా, పాలు తీశాం" అనమని. పక్కనే గేదెల దగ్గర అమ్మ పాత ఫోటో ఉంటే అది. మంచం తలవైపు గోడకు అంటించండి. జబ్బు సంగతులు, ఇంటి గొడవలు అందులో వద్దు, వచ్చేపోయేవాళ్ళంతా చదువుతారు. కింద కొంచెం ఖాళీ వదిలి, "మీరు గమనించినవి ఇక్కడ రాయండి" అనండి. ఆయాకు రాయడం రాకపోతే ఆమె చెప్పింది మీరు రాయండి. ఆ అట్ట మీద ఆమె మాట ఒక్కటి చేరినా, ఆ తర్వాత మీరు వచ్చేసరికి ఆమె పక్కకు తప్పుకోకపోవచ్చు.

పిన్నిగారి చట్టం మాటకు భయపడకండి. ఆవిడ చెప్పేది తల్లిదండ్రుల పోషణ, సంక్షేమం కోసం 2007లో వచ్చిన చట్టం. పెద్దవాళ్ళను పూర్తిగా వదిలించుకోవాలని ఎక్కడో దిగవిడిచి పోయినవాళ్ళకు అందులో మూడు నెలల దాకా జైలు, ఐదువేల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. నెలనెలా డబ్బు కట్టి, వారం వారం రైలెక్కి వెళ్ళి, దుప్పటి తీసి తల్లి మడమలు చూసుకునే కూతురు అందులోకి రాదు. పిన్నిగారిని ఒక ఆదివారం మీతో రమ్మనండి. వస్తే నలభై ఐదు నిమిషాలు కూర్చుని అక్కకు అన్నం పెట్టమనండి.

వచ్చే రెండో శనివారం స్కూలుకు సెలవే కదా. ఈసారి ఆదివారం బదులు ఆ రోజు వెళ్ళండి. మధ్యాహ్నం రైలైనా పర్వాలేదు, రాత్రి భోజనం వేళకు మాత్రం అక్కడ ఉండండి. నాలుగు ఇడ్లీలు పట్టుకెళ్ళండి. ముందు సిస్టర్‌ను అడగండి, అమ్మ మింగగలిగేంత మెత్తగా పాలల్లో నానబెట్టి మెదిపి పెట్టొచ్చా అని. సరే అంటే, స్పూను మీరు తీసుకోవద్దు. ఆయా చేతికివ్వండి, మీరు పక్కన స్టూలు వేసుకుని కూర్చోండి. అమ్మ నోరు తెరిచిందో లేదో నాకు రాయండి.